బుధవారం చూసిన కోట

మా ఆఫీసు పేరు ప్రాచీన కట్టడాల పునర్వైభవ సంస్థ. కూలిపోతున్న గోడలకు పాత కళ తీసుకురావడం మా పని. పదిహేడేళ్ల నుంచి ఇందులో జూనియర్ అసిస్టెంటుగా ఉన్నాను. నా చేతి మీదుగా కళ వచ్చిన గోడ ఒక్కటీ లేదు గానీ, గోడల గురించి నేను రాసిన నోట్ ఫైళ్లన్నీ పేర్చితే ఒక మోస్తరు ప్రహరీ లేస్తుంది. నా పేరు సోమనర్సయ్య. నేను ఫ్రాన్సు వెళ్లొచ్చాను. ఈ చివరి ముక్క మా ఇంట్లోవాళ్లే ఇప్పటికీ నమ్మరు.

వెళ్లింది అధ్యయన యాత్రకి. ఫ్రాన్సు పల్లెల్లో ఆరువందల ఏళ్ల నాటి కోట ఇళ్లు ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉన్నాయని మా డైరెక్టర్ హయగ్రీవరావు గారు ఎక్కడో విన్నారు. పూర్తిగా కోటా కాదు, ఉత్త ఇల్లూ కాదు. ఊరి ఆసామి కాపురముండే ఇంటికే చుట్టూ కందకం, మూలమూలకీ బురుజు, బాణాలు వేసుకోవడానికి గోడల్లో సందులు కట్టుకుంటే అది కోట ఇల్లు. మన దొరల గడీల్లాంటిదే. మరి వాళ్లవి నిలబడి మనవెందుకు కూలిపోతున్నాయి? ఈ రహస్యం కనిపెట్టడానికి డైరెక్టర్ గారు, జాయింట్ డైరెక్టర్ గారు, ఒక కన్సల్టెంటు బయల్దేరారు. రహస్యం దొరికినప్పుడు రాసుకోవడానికి ఒకడు కావాలి కనుక నన్నూ తీసుకెళ్లారు.

తొమ్మిది రోజుల యాత్రలో ఎనిమిది రోజులు ప్యారిస్‌లో "నగర నేపథ్య పరిశీలన" జరిగింది. అంటే సెంటు సీసాలు, చాక్లెట్లు. మిగిలిన ఒక్క రోజున రైలెక్కి, వ్యానెక్కి, పొద్దున్న పదకొండింటికి కోట ఇంటి ముందు దిగాం.

ఆ ఇంటి పేరు పలకడం డైరెక్టర్ గారికి చివరిదాకా రాలేదు కాబట్టి నేను కూడా ఆ సాహసం చేయను. చూడ్డానికి మాత్రం ముచ్చటేసింది. బూడిదరంగు రాతి గోడలు, నాలుగు మూలలా కుచ్చుటోపీ పెట్టినట్టు బురుజులు, చుట్టూ నీళ్లున్న కందకం, దాని మీద చిన్న వంతెన, వంతెన చివర జానెడు మందాన చెక్క తలుపు. తలుపు మూసి ఉంది. లోపల మనిషి అలికిడి లేదు. గోడకి ఒక నీలం సైకిలు ఆనించి ఉంది, ముందు బుట్టతో సహా. గోడ మీద ఒక పిల్లి నిద్రపోతోంది.

తలుపు పక్కన చిన్న బోర్డు కూడా ఉంది. ఫోను కెమెరా పెట్టి చూస్తే అనువాదమై తెలుగులో వచ్చింది. "బుధవారం సెలవు."

ఆ రోజు బుధవారం.

"సార్, ఇవాళ సెలవట" అన్నాను.

డైరెక్టర్ గారు బోర్డు వంక చూడను కూడా లేదు. "సోమనర్సయ్యా, బోర్డులు పర్యాటకుల కోసం. మనం అధ్యయన బృందం. రేపు మనకి ఫ్లైటుంది. కనిపించినదాన్నే అధ్యయనం చెయ్యాలి. రాసుకో" అన్నారు.

రాసుకున్నాను. తలుపు మూసి ఉంది, రాసుకున్నాను. సైకిలు రంగు రాసుకున్నాను. పిల్లి ఏ వైపు తిరిగి పడుకుందో కూడా కన్సల్టెంటు గారు రాయించారు.

పన్నెండు కావస్తుండగా ఒక పెద్దావిడ వచ్చింది. డెబ్భై ఏళ్లుంటాయి. చంకలో మూరెడు పొడుగు రొట్టె. మమ్మల్ని చూసింది, తలుపుని చూసింది, తల ఊపుతూ ఫ్రెంచిలో ఏదో గబగబా చెప్పింది. ఎవరికీ అర్థం కాలేదు. అర్థం కానప్పుడు మావాళ్లు చేసే పని ఒక్కటే, సన్మానం. జాయింట్ డైరెక్టర్ గారి సంచిలో ఇలాంటి అవసరాలకని శాలువాలుంటాయి. ఒకటి తీసి ఆవిడకు కప్పి, రొట్టెతో సహా ఫోటో దిగారు. ఆవిడ ఇంకోసారి తల ఊపి వెళ్లిపోయింది.

తిరిగొచ్చాక నివేదిక నూట నలభై పేజీలు వచ్చింది. అసలు ముక్క ఏడో పేజీలో ఉంది. "ఫ్రెంచి కట్టడములు శతాబ్దములు నిలుచుటకు మూలకారణము మానవ సంచార రాహిత్యము. ద్వారము నిరంతరము మూసియుంచబడును. స్థానిక ప్రజలు నిత్యము విచ్చేసి, మూసిన ద్వారమును దర్శించి, ఆమోదసూచకముగా శిరఃకంపనము గావించి, సంతృప్తితో వెనుదిరుగుదురు." శిరఃకంపనం అనే మాట కన్సల్టెంటు గారిది. ఆ మాటకే ఆయనకు రెండో విడత నియామకం దొరికింది.

బుధవారం అనే మాట మాత్రం నూట నలభై పేజీల్లో ఎక్కడా లేదు. టైపు చేసింది నేనే కాబట్టి ఖాయంగా చెప్పగలను.

ఉన్నత కమిటీ కూర్చుంది, నివేదికను మెచ్చుకుంది, మానవ ప్రవేశ నిషేధ నియమం పాస్ చేసి లేచింది. అక్కడి కోట ఇంటికీ ఇక్కడి ఒక గడికీ "సోదర కోట" ఒప్పందం కుదిరింది. అక్కడ ఏముందో ఇక్కడా అదే ఉండాలి, అక్కడ లేనిది ఇక్కడా ఉండకూడదు. ఇదీ షరతు. మన వైపు నుంచి రేగులకుంట గడిని ఎంచారు. కారణం, హైవే పక్కన ఊరు, వెళ్లిరావడం సులువు.

రేగులకుంట గడిలోకి మేము అడుగు పెట్టేసరికి లోపలి నుంచి ఏడో ఎక్కం వినపడుతోంది.

డైరెక్టర్ గారు ఆగిపోయారు. ఒకప్పుడు దొర కూర్చుని తీర్పులు చెప్పిన కచేరీ హాల్లో చాపల మీద ముప్పై ఒక్క మంది పిల్లలు, వాళ్ల ముందు సుద్దముక్కతో ఒక టీచరు. ఆమె పేరు చంద్రకళ. అయిదు తరగతులకీ ఆమె ఒక్కతే.

"ఈ మానవులెవరు?" అన్నారు డైరెక్టర్ గారు.

"పిల్లలు సార్."

"ఎందుకున్నారు?"

"బడి గద సార్" అంది చంద్రకళ టీచర్, ఇంకేం చెప్పాలో తెలీక.

"ఎన్నాళ్లుగా సంచరిస్తున్నారు?"

"ఈల్లా సార్? బడైతే అరవై ఎనిమిదేండ్ల నుంచి నడుస్తున్నది."

డైరెక్టర్ గారు మా వైపు తిరిగి, "చూశారా? అరవై ఎనిమిదేళ్లు నిరంతరంగా మానవులు సంచరిస్తే ఏ కట్టడం ఆగుతుంది?" అని నిట్టూర్చారు.

నిజానికి ఆ గడిలో చక్కగా ఉన్నది ఆ హాలొక్కటే. బడి కదా అని ఊరివాళ్లు ఏటా సున్నం కొట్టుకుంటారు, పెంకులు సర్దుకుంటారు. దొర వెళ్లిపోయాక ఎవరూ ఎక్కని పై మేడ ఎప్పుడో కూలి, దాని మీద చెట్లు మొలిచాయి. ఈ సంగతి నివేదికలో పట్టలేదు.

వారంలో బడి ఖాళీ అయింది. పిల్లలు పంచాయతీ ఆఫీసు వరండాలోకి మారారు. వరండాలో ఒక వైపు పింఛన్ల క్యూ, ఒక వైపు రెండో తరగతి. గడి తలుపుకి తాళం పడింది. పక్కన బోర్డు కూడా పెట్టాం. "మానవులకు ప్రవేశం లేదు." ఆ తాళం చెవి నా చేతికిచ్చి, గడి ఇన్‌ఛార్జిగా నన్ను రేగులకుంటలో పడేశారు. ఫ్రాన్సు చూసొచ్చిన వాణ్ణి కదా, అనుభవం ఉందన్నారు.

మొదటి వారంలోనే చంద్రకళ టీచర్ నా దగ్గరకొచ్చింది.

"సార్, మా పెద్దాఫీసు నుంచి కాగితమొచ్చింది. సర్కారు బిల్డింగు లేకుంట తొంభై రోజులు గడిస్తే బడిని ఎత్తేసి పక్కూరు బడిల కలుపుతరట. పక్కూరంటే హైవే అవతల సార్. నాలుగు లైన్ల రోడ్డు. ఒకటో తరగతి పిల్లలు ఎట్ల దాటుతరు? చిన్నోళ్లను పంపరు, ఆడపిల్లల్ని అసలే పంపరు. నాకు తెలుసు గద సార్ ఈ ఊరు. సగం మంది బడి ఆగమైతది."

"నేనేం చేయగలనమ్మా? ఫ్రెంచి సూత్రం" అన్నాను.

నాకు సిగ్గేసింది. ఆ సూత్రం పుట్టినప్పుడు దాని పక్కనే నిలబడ్డ బోర్డుని చదివినవాణ్ణి నేనొక్కణ్ణే.

ఈలోగా పనులు జోరందుకున్నాయి. జేసీబీ వచ్చి గడి చుట్టూ కందకం తవ్వింది. ఊరి దారి సగం అందులో పోయింది, తలుపు దాకా చెక్క వంతెన వేశాం. రోజూ పొద్దున్నే ట్యాంకరు నీళ్లు నింపేది, సాయంత్రానికి నేల తాగేసేది. ఉన్న కాసేపూ ఊళ్లో బర్రెలన్నీ అందులోనే. హెడ్డాఫీసు నుంచి మెమో వచ్చింది. "సోదర కోట కందకమునందు మహిషములు లేవు. కావున రేగులకుంట కందకమునందు మహిషముల జలక్రీడ తక్షణమే నిలుపుదల చేసి నివేదించవలెను." నేను బర్రెలకు చదివి వినిపించి, నివేదించాను.

తర్వాత సైకిలొచ్చింది. ఆకుపచ్చది పంపారు, నీలం రంగు వేయించాం. గోడకి ఆనించి గొలుసు వేసి, "తొక్కుటకు కాదు" అని చీటీ కట్టాం. పిల్లితో మాత్రం నా తలప్రాణం తోకకొచ్చింది. పదకొండు నుంచి పన్నెండున్నర దాకా అది గోడ మీద ఉండాలి, ముఖం తూర్పుకి ఉండాలి. పాలు పోస్తే వచ్చేది, తాగి పోయేది. దానికో హాజరు పట్టిక పెట్టారు. పదిహేడేళ్లలో నేను వేసిన సంతకాలకన్నా ఆ మూడు నెలల్లో పిల్లి తరఫున వేసిన సంతకాలే ఎక్కువ.

ఇక మిగిలింది ప్రజా భాగస్వామ్యం. ఫ్రాన్సులో పెద్దావిడ వచ్చి, తలుపు చూసి, తల ఊపి వెళ్లిందిగా. ఇక్కడా ఒక పెద్దావిడ రోజూ పన్నెండింటికి పది నిమిషాల ముందు వచ్చి అదే చెయ్యాలి. పోస్టు పేరు "సందర్శక ప్రతినిధి". ఊళ్లో అడిగితే బుచ్చవ్వ ఒప్పుకుంది. డెబ్భై అయిదేళ్ల మనిషి, నిటారుగా నడుస్తుంది. చంకలో రొట్టె కావాలి. మూరెడు రొట్టె రేగులకుంటలో దొరకదు కాబట్టి సొరకాయతో సరిపెట్టాం. కన్సల్టెంటు గారు ఫోటో చూసి, "పొడవు సరిపోయినది" అని ధ్రువీకరించారు.

మొదటి రోజు బుచ్చవ్వకి పని వివరించాను.

"దర్వాజ కాడికి రావాల్నా బిడ్డా?"

"రావాలవ్వా."

"తలకాయ ఊపాల్నా?"

"ఊపాలి."

"లోపటికి పోవద్దా?"

"వద్దవ్వా. చూసి వెనక్కి వెళ్లిపోవాలి."

ఆమె సొరకాయ కింద పెట్టి అరుగు మీద కూర్చుంది. చాలాసేపు నవ్వింది. నవ్వి నవ్వి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"మా నాయన గిదే జేసిండు బిడ్డా, బతికినన్ని దినాలు. అడివికి పోయి కట్టెల మోపు దెచ్చి, గీ దర్వాజ ముంగట దించి, తలకాయ వంచి ఎనకకు పొయ్యేటోడు. గాయినకు ఎవలు రూపాయియ్యలే, పోస్టియ్యలే. లోపటెట్లుంటదో సూడకనే సచ్చిండు. దొర పట్నం పొయినంక గీడ బడి వెట్టిండ్రు. మొదాలు గా బడిల కూసున్న ఆడివిల్లను నేనే. రెండు తర్గతులు సదివిన. ఇప్పుడు నా మునిమన్మరాలు అక్షిత సదువుతున్నది, మూడో తర్గతి. సదువుతుండె." ఆమె తలుపు వంక చూసింది. "నువ్వొచ్చి మల్ల తాళం ఏస్తివి. మంచిగున్నది బిడ్డా. తల ఊపుత తియ్యి."

లేచి, సొరకాయ చంకన పెట్టుకుని, తలుపుని చూసి తల ఊపింది. ఆ ఊపు ఆమోదసూచకం కాదని ఎవరికైనా తెలుస్తుంది. నేను రిజిస్టర్లో "శిరఃకంపనము జరిగినది" అని రాశాను.

డెబ్భయ్యో రోజున ఉండబట్టలేక చంద్రకళ టీచర్‌కి బోర్డు సంగతి చెప్పేశాను. ఆమె నన్ను తిట్టలేదు. తిడితే బావుండేది.

"ఆ మాట కాగితం మీద రాసిస్తరా సార్?" అంది.

నేను పిల్లి హాజరు పట్టిక తెరిచి గీతలు గీయడం మొదలుపెట్టాను. డైరెక్టర్ గారు పొరపాటు చేశారని జూనియర్ అసిస్టెంటు కాగితం మీద పెట్టడమంటే సర్వీసు మీద తనే తాళం వేసుకోవడం. ఆమె అది చూసి, పింఛన్ల క్యూలోంచి దారి చేసుకుంటూ మూడో తరగతికి వెళ్లిపోయింది.

ఎనభై ఎనిమిదో రోజున ఫ్రాన్సు నుంచి అతిథి వచ్చింది. అక్కడి ఊరికి సర్పంచి లాంటి ఆవిడ, మదాం ఒడెత్. కారు దిగగానే గుర్తుపట్టాను. భుజం మీద మా శాలువానే. ఆ రోజు రొట్టెతో వచ్చిన పెద్దావిడ ఈవిడే. ఫ్రెంచి చదువుతున్న రోహిణి అనే అమ్మాయిని ఆవిడ మాటలు తెలుగులో చెప్పడానికి యూనివర్సిటీ నుంచి పిలిపించాం. డైరెక్టర్ గారి బృందమంతా వచ్చింది. ఊరంతా కందకం అవతల గుమిగూడింది. ముందు వరసలో చంద్రకళ టీచరూ, పిల్లలూ.

సరిగ్గా పన్నెండుకి పది నిమిషాల ముందు బుచ్చవ్వ సొరకాయతో వచ్చింది. తలుపు చూసింది. తల ఊపింది. వెనుదిరిగింది.

మదాం ఒడెత్ ఆమెనూ, సొరకాయనూ మార్చి మార్చి చూసింది.

"ఆవిడేం చేస్తున్నారు అని అడుగుతున్నారు సార్" అంది రోహిణి.

"మీ పాత్ర నిర్వహిస్తున్నారని మనవి చేయమ్మా" అన్నారు డైరెక్టర్ గారు గర్వంగా. "మీ దేశపు మహత్తర సూత్రం. తలుపు తెరవరాదు, మనిషి చొరరాదు. అక్షరాలా పాటిస్తున్నాం."

రోహిణి ఆ మాటలు చెప్పింది. మదాం ఒడెత్ రెండోసారి చెప్పించుకుంది. తర్వాత మొదలుపెట్టిన నవ్వు ఆపడానికి వంతెన పట్టుకోవాల్సొచ్చింది. నవ్వు తగ్గాక చెప్పినదాన్ని రోహిణి తెలుగులో చెబుతుంటే, మా బృందంలో ఒక్కొక్కరి మెడా ఒక్కో దిక్కుకి తిరిగింది.

"వాళ్ల కోట ఇంట్లో బడి ఉందట సార్. వందేళ్ల నుంచీ. అక్కడ చిన్నపిల్లలకి బుధవారం బడి ఉండదట. ఆ రోజు మీతో అదే చెప్పారట, ఇవాళ సెలవు, రేపు రండి, పిల్లలే దగ్గరుండి కోటంతా చూపిస్తారు అని. మీరు శాలువా కప్పారట."

"మరి సైకిలు?" అన్నారు కన్సల్టెంటు గారు పీల గొంతుతో.

"అది బడి పంతులు గారిదట సార్. ముందు రోజు చైను తెగితే అక్కడే వదిలేసి నడిచి వెళ్లారట. పిల్లి ఎవరిదో తెలీదట. మనుషులు లేకపోతే ఇంత రాయి నిలబడేది కాదు, పిల్లల కోసమే ఏటేటా బాగుచేసుకుంటాం అంటున్నారు." రోహిణి మా అందరి వైపు తిరిగింది. "తలుపు పక్కన బోర్డుంది కదా, ఎవరూ చదవలేదా అంటున్నారు."

అందరూ నా వైపు చూశారు. ఆ చూపులో "లేదు మేడమ్" అనే జవాబు తయారుగా ఉంది, నేను నోరు తెరిస్తే చాలు. కందకం అవతల చంద్రకళ టీచర్ కూడా నన్నే చూస్తోంది. బుచ్చవ్వ ఆగి వెనక్కి తిరిగింది.

"ఉంది మేడమ్. నేను చదివాను. బుధవారం సెలవని ఉంది. అప్పుడే సార్‌కి చెప్పాను" అన్నాను.



 డైరెక్టర్ గారు గొంతు సవరించుకున్నారు. "మేము మొదటి నుంచీ ఇదే అంటున్నాం! సోదర కోటలో బడి వాతావరణం ఉన్నచో, షరతు ప్రకారం మన కోటలోనూ బడి వాతావరణం ఉండి తీరవలసిందే."

చప్పట్లు పడ్డాయి. చంద్రకళ టీచర్ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అయితే," అన్నారు డైరెక్టర్ గారు, "మానవ ప్రవేశ నిషేధం ఉన్నత కమిటీ తీర్మానం. ఎత్తివేసే అధికారం నాకు లేదు. కమిటీ ఆరు నెలలకోసారి సమావేశమగును. అందాకా లౌడ్ స్పీకర్లు బిగించి, విద్యార్థుల ధ్వనిని తొమ్మిది నుంచి నాలుగు వరకు ప్రసారం చేయుదుము. పరికరాల సేకరణ నా పరిధిలోనిదే."

"సార్, పిల్లలు గిక్కడనే ఉన్నరు గద సార్" అంది టీచర్. "రెండు రోజులైతే తొంభై నిండుతయ్. తలుపు తీస్తె సాలు."

"పిల్లలు మానవులమ్మా," అన్నారు డైరెక్టర్ గారు ఓపిగ్గా. "ధ్వని మానవం కాదు."

అతిథిని భోజనాలకి తీసుకెళ్లారు. నేను గడి అరుగు మీద కూర్చున్నాను. కోపం వచ్చింది. పదిహేడేళ్ల సర్వీసులో నాకు పై అధికారి మీద కోపం రావడం అదే మొదలు. కోపమొస్తే మామూలు మనిషి అరుస్తాడు. నేను జూనియర్ అసిస్టెంటుని. నోట్ ఫైలు తెరిచాను.

"విషయము: బడి వాతావరణ ధ్వని పరికరముల సేకరణ. లౌడ్ స్పీకర్లకు తీగెలు బిగించుటకై ప్రాచీన కుడ్యములకు రంధ్రములు వేయవలసి వచ్చును, అది నియమ విరుద్ధము. ప్రత్యామ్నాయముగా విద్యుత్తు అవసరము లేని, స్వయంచాలిత ధ్వని పరికరములు ముప్పది యొకటి, వాని నియంత్రణ యూనిట్ ఒకటి స్థానికముగా లభ్యమగుచున్నవి. రవాణా అక్కరలేదు, వాటంతట అవియే ప్రతిదినము వచ్చి పోవును. ధ్వని నాణ్యత గత అరువది యెనిమిది సంవత్సరములుగా పరీక్షింపబడినది. ఆమోదమునకై సమర్పించడమైనది."

భోజనాలయ్యాక డైరెక్టర్ గారి ముందు పెట్టాను. ఆయన మొదటి నుంచి చివరిదాకా చదివారు. ఒకసారి కందకం అవతల ఎండలో నిలబడ్డ పరికరాల వైపు చూశారు. మదాం ఒడెత్ మర్నాడు ఉదయం బడి చూస్తానందని ఆయనకీ తెలుసు.

"వారంటీ ఎంత?" అన్నారు.

"ఐదో తరగతి దాకా సార్."

సంతకం పెట్టారు. అదే కలంతో నాకిచ్చే ఇంకో కాగితం మీదా సంతకం పెట్టారు. "అధ్యయన సమయమున పై అధికారి అనుమతి లేకుండా బోర్డు పఠించినందుకు సంజాయిషీ ఇవ్వవలెను." ఇచ్చాను. ఇకముందు చదవనని మాత్రం రాయలేదు.

ఎనభై తొమ్మిదో రోజు పొద్దున్న తాళం తీశాను. కందకం మీద వేసిన చెక్క వంతెన దాటి ముప్పై ఒక్క ధ్వని పరికరాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ లోపలికి పరిగెత్తాయి. స్టాకు రిజిస్టర్లో ఒకటో నంబరు సైకిలు, రెండో నంబరు పిల్లి, మూడు నుంచి ముప్పై మూడు దాకా పిల్లలు. ముప్పై నాలుగు చంద్రకళ టీచర్, నియంత్రణ యూనిట్. బుచ్చవ్వ మునిమనవరాలు అక్షితకి పంతొమ్మిదో నంబరు వచ్చింది. ఆ పేజీ నకలు చంద్రకళ టీచర్ వాళ్ల ఆఫీసుకి పంపితే, "సర్కారు భవనంలో ఉన్నట్టు రుజువైనది" అని జవాబొచ్చింది. బడి నిలిచింది.

పన్నెండుకి పది నిమిషాల ముందు బుచ్చవ్వ సొరకాయతో వచ్చింది. తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల ఏడో ఎక్కం. అలవాటు కొద్దీ తల ఊపబోయి ఆగిపోయింది. నా వైపు చూసింది. నేను పిల్లి హాజరు వేసుకుంటున్నట్టు తల దించుకున్నాను. ఆమె చెప్పులతో సహా గడప దాటి లోపలికి నడిచింది. రిజిస్టర్లో "ఇతరములు, ఒకటి" అని రాశాను. సొరకాయ ఆ పూట మధ్యాహ్న భోజనం పప్పులో పడింది.

ఇది జరిగి ఏడాది కావస్తోంది. ఉన్నత కమిటీ ఇంకా కూర్చోలేదు. "మానవులకు ప్రవేశం లేదు" బోర్డు ఇంకా తలుపు పక్కనే ఉంది. నేను గడప ఇవతలే కుర్చీ వేసుకుంటాను, మానవుణ్ణి కదా.

మొన్న జూన్‌లో వార్షిక స్టాకు తనిఖీకి హెడ్డాఫీసు నుంచి ఒక అధికారి వచ్చాడు. కొత్తవాడు, చురుకైనవాడు. రిజిస్టరు పట్టుకుని నేరుగా లోపలికి వెళ్లి, వస్తువులు లెక్కపెట్టాడు. గడప దగ్గర నిలబడ్డ నాకు అంతా వినిపిస్తోంది.

"ఆరు పరికరాలు తగ్గాయి. దొంగతనమా, పాడైపోయాయా?"

"పెద్దగైనయ్ బిడ్డా. పెద్ద బడికి బోయినయ్. గట్లనే రాసుకో" అంది బుచ్చవ్వ, హాల్లో మూల కూర్చుని చింతపండు గింజలు తీస్తూ.

అతనికి ఆ కాలమ్ రిజిస్టర్లో దొరకలేదు. విసుగ్గా పేజీ తిప్పాడు. "పంతొమ్మిదో నంబరు ఏది? పని చేస్తోందా?"

అక్షిత లేచి నిలబడింది.

"ఏదైనా చదివి వినిపించు" అన్నాడతను.

పుస్తకం కోసం అటూ ఇటూ చూసి, గడప దాకా నడిచి, తలుపు పక్కనున్న బోర్డుకి వేలు చూపిస్తూ గట్టిగా, ఒక్క తప్పు లేకుండా చదివింది.

"మానవులకు ప్రవేశం లేదు."

చదివి ఒక్క క్షణం ఆలోచించింది. ఎగాదిగా అతన్ని చూసి అడిగింది.

"సార్, మరి మీరెట్లొచ్చిండ్రు లోపటికి?"

ఎవరూ నవ్వలేదు. పిల్లలు జవాబు కోసం నిజంగానే ఎదురుచూస్తున్నారు. నియమాల పుస్తకం అధికారి చంకలోనే ఉంది. మెల్లగా వెనక్కి నడిచి గడప దాటి బయటికొచ్చాడు. వంతెన మీద నిలబడి తలుపు వంక కాసేపు చూశాడు. తల ఊపాడు. తర్వాత నా కలం అడిగి తీసుకుని, రిజిస్టర్లో పంతొమ్మిదో నంబరు ఎదురుగా రాసి, కారెక్కి వెళ్లిపోయాడు.

"బాగుగా పనిచేయుచున్నది."